గాలికి పోయిన అక్షరం

పోయిన వారం కంచరను లాయం గేటు దగ్గర వదిలేశాం. లోపలికి రావలసినవాడు గడియ మీద చెయ్యి వేసి వెనక్కి తిరిగాడు. తెల్ల కారులోంచి చేతికర్ర ఆనించుకుంటూ దిగిన పెద్దమనిషిని చూడటమే అందుకు కారణం. ఆయన కెప్టెన్. ఇన్నేళ్ళుగా ఎవరి గొంతు కలలో వినిపిస్తే కంచర ఉలిక్కిపడి లేచి కూర్చుంటున్నాడో, ఆ గొంతు ఈయనదే.

కంచర అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. సైన్యంలో అతని పని మంచు కొండల మీది శిబిరాలకు కంచర గాడిదల మీద సరుకు చేర్చడం. తోటివాళ్ళు వేళాకోళానికి పిలిచిన పిలుపు ఒంటికి అంటుకుపోయింది. ఇంటికి వచ్చేశాక ఓ మధ్యాహ్నం ఎదురు దుకాణం షట్టరు దబ్బున పడింది. ఆ చప్పుడికి అతను కూతుర్ని మంచం కిందికి తోసి, ఒళ్ళంతా కప్పేసి పడుకున్నాడు. పిల్ల ఊపిరాడక గింజుకుంటున్నా వదల్లేదు. ఆస్పత్రి లాండ్రీలో ఇస్త్రీ చేసే భార్య ఆ సాయంత్రమే తేల్చేసింది. "నన్ను మా అన్నయ్య ఇంటికి పొమ్మంటారా, మీరు ఆ గుర్రాల దగ్గరికి పోతారా? ఏదో ఒకటి చెప్పండి." యుద్ధం నుంచి వచ్చి లోలోపల చితికిపోయినవాళ్ళను గుర్రపు స్వారీతో తేరుకునేలా చేసే చోటు ఒకటుందని ఆమెకు ఆస్పత్రిలోనే తెలిసింది.

అతను వెళ్ళాడు. గుర్రాల ఒళ్ళు తోమాడు, డెక్కల్లో మట్టి గీకాడు, జీను బిగించాడు. పగ్గం మాత్రం ఎవరెంత చెప్పినా పట్టుకోలేదు. ఎందుకని అక్కడ స్వారీ నేర్పే టీచరు అడిగితే నవ్వేసి ఊరుకున్నాడు. భార్య అడిగితే నవ్వనైనా నవ్వలేదు.

ఇప్పుడు కెప్టెన్‌ను చూసి, గేటు దగ్గర్నుంచి తిరిగి రోడ్డెక్కబోతుంటే బస్సు దిగి వస్తున్న భార్యే ఎదురైంది.

"ఎక్కడికి?"

"ఇంటికి. ఒంట్లో బాగాలేదు."

"బాగాలేకే కదా ఇక్కడికి వస్తున్నది!" అంది ఆమె. అతని మొహం చూశాక గొంతు తగ్గించింది. "ఏమైందండీ?"

చెప్పాలని నోరు తెరిచాడు. తాడు, కత్తి, లోయ, ఆ కేక, అన్నీ ఒక్కసారిగా ముసిరాయి, ఏది ముందు చెప్పాలో తెలియలేదు. ఆమె కాసేపు ఎదురుచూసింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అలా ఎదురుచూడటం ఆమెకు అలవాటే.

"చెప్పకపోతే పోనివ్వండి. లోపలికైతే పదండి. పిన్నికి క్యారెట్లు తెచ్చాను. నా మొగుడి కంటే అదే నయం, పెట్టింది తిని తల ఊపుతుంది."

పిన్ని అంటే ఆ లాయంలో అన్నిటికన్నా పెద్దదైన గోధుమరంగు ఆడగుర్రం. వచ్చినవాళ్ళందరి మీదా చెవులు వెనక్కి పెట్టి విసుక్కుంటుంది, ఎవర్నీ ఇంతవరకు కింద పడెయ్యలేదు. ఆ స్వభావం చూసి ఎవరో పిన్ని అన్నారు, అందరికీ నచ్చింది.

గుర్రాలను తిప్పే ఇసుక వలయం పక్కన టీచరు మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని నిలబడి ఉంది. మనుషులతో మెల్లగా, గుర్రాలతో గట్టిగా మాట్లాడే మనిషి. కంచరను చూడగానే చెయ్యి ఊపింది.

"రా తమ్ముడూ. కెప్టెన్ గారు ఇవాళే మొదటిసారి ఎక్కుతున్నారు. నువ్వే నడిపించాలట, అడిగి మరీ చెప్పారు. మీ ఇద్దరిదీ ఒకే దళమటగా, చెప్పనేలేదే?"

"నేను పగ్గం పట్టను టీచరు గారూ."

"తెలుసు. అయినా అడుగుతున్నాను."

కెప్టెన్ అప్పటికే గుర్రం ఎక్కడానికి వేసిన మెట్లబల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు మంచులో కూడా గడ్డం నున్నగా గీసుకుని తిరిగిన మనిషి. ఇప్పుడు చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు, కుడిచెయ్యి ఆగకుండా వణుకుతోంది.

"బలవంతం చెయ్యకండి టీచరు గారూ," అన్నాడు. "ఇష్టమైతేనే."

ఆ మాటే కంచరకు కారం రాసినట్టనిపించింది. ఇష్టమైతేనా! ఆ రోజు అడిగావా ఇష్టమా అని? గబగబా వచ్చి టీచరు చేతిలోంచి పగ్గం లాక్కున్నాడు.

"చేతికి చుట్టుకోవద్దు. మడతలు పెట్టి..."

"తెలుసు," అన్నాడు. ఎంతమందికి నేర్పాడో ఆ సంగతి. చుట్టుకున్న తాడు బిగిస్తే చెయ్యి బయటికి రాదు.

టీచరు, ఇంకో సహాయకురాలు కలిసి కెప్టెన్‌ను మెట్లబల్ల మీంచి జీను మీదికి ఎక్కించారు. పట్టు తప్పిన కాలిని చేత్తో ఎత్తి పాదాన్ని రికాబులో పెట్టారు. సహాయకురాలు పక్కనే నడవబోతే ఆయన వద్దన్నాడు. "మేం మాట్లాడుకోవాలమ్మా." టీచరు ఇద్దరి మొహాలూ చూసింది, ఏమనుకుందో వలయం అంచుకు వెళ్ళి నిలబడింది.

పిన్ని నడిచింది. పక్కన కంచర. తాడు అరచేతిలో గరుకుగా తగిలింది. ఎంత వద్దనుకున్నా ఆ గరుకుతనం అతన్ని కొండ మీదికి ఈడ్చుకుపోయింది.

ఆ రోజు వాళ్ళు కిందికి దిగుతున్నారు. సరుకు దించేసిన గాడిదలు ఒకదాని వెనక ఒకటి తాళ్ళతో కట్టి ఉన్నాయి. అన్నిటికన్నా వెనక గాడిద పక్కన వంటాయన నడుస్తున్నాడు. సెలవు దొరికి ఇంటికి పోతున్న సంబరంలో ఉన్నాడు ఆయన. మాడిన కూర వడ్డించి, మాడితేనే బలం అని దబాయించే మనిషి. గాడిదలతో అలవాటు లేదు, వేళ్ళు కొంకర్లు పోతున్నాయని పగ్గాన్ని మణికట్టుకు చుట్టుకున్నాడు. కంచర అది చూశాడు. అలా చుట్టుకోవద్దు అన్నా అని చెబుదామనుకున్నాడు. అవతలి కొండ మీంచి గుండ్లు పడుతున్నాయి, గాలి మొహాన కొడుతోంది, ఈ ఇరుకుదారి దాటాక చెబుదాంలే అనుకున్నాడు.

దారి అంచు విరిగింది. వెనక గాడిద లోయలోకి జారింది, మణికట్టుకు చుట్టుకున్న పగ్గం ఊడక వంటాయనా దాంతో పాటే జారాడు. దాని ముందున్న గాడిదకు కట్టిన తాడు మీద ఆ బరువంతా వేలాడింది. ముందు గాడిద కాళ్ళు మంచులో గీతలు గీస్తూ వెనక్కి పోతున్నాయి. కంచర దాని మెడను వాటేసుకుని, రెండో చేత్తో నడుముకున్న కత్తి తీశాడు. తీశాడు గాని కొయ్యలేదు. అటు మలుపు దగ్గర్నుంచి కెప్టెన్ అరిచిన అరుపు వినిపించాకే కోశాడు.

తాడు కొయ్యి!

కోశాక లోయలోంచి ఏ చప్పుడూ రాలేదు. అరుపు వినబడి ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడు.

పిన్ని వలయం నడిమధ్యలో ఆగిపోయింది. కంచర తాడు లాగాడు. కదల్లేదు.

"నువ్వు ఊపిరి బిగబట్టావు తమ్ముడూ," అవతలి నుంచి టీచరు కేకేసింది. "నువ్వు వదిలితేనే అది నడుస్తుంది."

అతను ఊపిరి వదల్లేదు. తలెత్తి చూశాడు.

"సార్. వంటాయన గుర్తున్నాడా?"

కెప్టెన్ పిన్ని జూలు పట్టుకున్నాడు. "గుర్తురాని రోజు లేదు."

"నాకూ లేదు. కానీ మీకూ నాకూ తేడా ఉంది సార్. మీరు నోటితో అన్నారు, నేను చేత్తో చేశాను. అన్నం తిందామంటే అదే చెయ్యి. పిల్ల తల నిమురుదామంటే అదే చెయ్యి. ఈ చేతిని ఎక్కడ దాచుకోను?"

కెప్టెన్ చూపు కంచర చేతి మీదికి వెళ్ళింది.

"ఒక్కటి అడుగుతాను, చెప్పండి. తాడు ఆయన చేతికి చుట్టుకుని ఉందని మీకు కనబడలేదు కదా? మలుపు దగ్గరున్నారు, మంచు కొడుతోంది, కనబడి ఉండదు. కనబడలేదు అని ఒక్క మాట అనండి. గాడిద ఒక్కటే పోతుందనుకుని కొయ్యమన్నారని సరిపెట్టుకుంటాను. ఇంక మిమ్మల్ని ఏమీ అనను. ఒట్టు."

అతని గొంతులో కోపం లేదు. బతిమాలుతున్నాడు. అబద్ధమైనా సరే ఇమ్మని అడుగుతున్నాడు. ఇచ్చేస్తే అయిపోయేది. కెప్టెన్ ఇవ్వలేకపోయాడు.

"కనబడింది."

"కనబడిందా?"

"స్పష్టంగా కనబడింది. అందుకే కదా నేను..."

మాట ఠక్కున ఆగింది.

"అందుకే?"

"ఏం లేదు. నన్ను దించు."

"అందుకే ఏంటి సార్?"

"దించమంటున్నానా!" పాత అధికారం ఒక్క క్షణం ఆ గొంతులో లేచింది.

"దించను. చెప్పేదాకా దించను. మీకై మీరు దిగలేరుగా, అలాగే కూర్చోండి."

ఎంతోమందిని కంటిచూపుతో నడిపించినాయన ముసలి గుర్రం మీద దిగలేక, కదల్లేక కూర్చున్నాడు. చేతికర్ర దూరంగా మెట్లబల్లకు ఆనించి ఉంది. పిన్ని ఒక చెవి ఆయన వైపు, ఒక చెవి కంచర వైపు తిప్పింది.

"కొయ్యకు అన్నాను," అన్నాడు కెప్టెన్.

కంచరకు వెంటనే బుర్రకెక్కలేదు.

"నువ్వు కత్తి తీయడం చూశాను. ఆయన చెయ్యి తాడులో ఉండటం చూశాను. కొయ్యకు, వస్తున్నా, నేనూ పట్టుకుంటా అని అరిచాను. తాడు కొయ్యకు, కొయ్యకు అని అరుస్తూనే పరిగెత్తాను. నువ్వు నా వైపు చూసి తలాడించావు. విన్నావనుకున్నాను." కెప్టెన్ కళ్ళు మూసుకున్నాడు. "తలాడించి కోసేశావు."

కొయ్యి. కొయ్యకు. రెంటి మధ్యా ఉన్నది ఎంత? కంచర పెదవులు ఆ రెండు మాటల్నీ చప్పుడు లేకుండా పలికాయి. ఇన్నేళ్ళుగా కలలో వింటున్న అరుపును మళ్ళీ వినాలని చూశాడు. కొయ్య దాకా వినబడింది. ఆ తర్వాత గాలి. అంతా గాలే.

"అబద్ధం," అన్నాడు. "విచారణలో మీరే ఒప్పుకున్నారు. అందరి ముందూ చెప్పారు, నేనే కొయ్యమన్నానని."

"నీ తర్వాత చెప్పాను. నువ్వు ముందే లోపలికెళ్ళి కెప్టెన్ గారు కొయ్యమన్నారు అని చెప్పొచ్చావు. బయటికొచ్చినప్పుడు నీ మొహం చూశాను. నువ్వు అబద్ధం ఆడలేదు. విన్నదే చెప్పావు. నేను లోపలికెళ్ళి కాదంటే నీకు తెలిసిపోతుంది. ఏం విన్నావో, ఏం చేశావో తెలిసిపోతుంది. తెలిశాక నువ్వు ఆ రాత్రి బతికుండేవాడివా?"

ఉండేవాడు కాదని ఇద్దరికీ తెలుసు.

"పై అధికారిని, నేనైతే మోయగలననుకున్నాను," అన్నాడు కెప్టెన్. కుడిచెయ్యి పైకెత్తి చూపించాడు. అది ఎండుటాకులా కొట్టుకుంటోంది. "ఎంత బాగా మోశానో చూస్తున్నావుగా. దళం లోంచి పంపించేశారు, పోనీ. వంటాయన భార్య నా మొహాన తలుపేసింది, పోనీ. నిన్ను కాపాడాను అన్న తృప్తి ఒకటుండేది. తీరా ఇక్కడ నీ గురించి విన్నాక అదీ పోయింది. పగ్గం పట్టలేడు, కూతుర్ని దగ్గరికి తీసుకోలేడు అన్నారు. దీనికోసమా నేను అబద్ధం ఆడింది?"

"నాకెందుకు చెప్పలేదు సార్? తర్వాతైనా? నాతో ఒక్కడితోనైనా?"

"ఓసారి ఫోన్ చేశాను. మీ ఆవిడ తీసింది."

కంచరకు ఆ సాయంత్రం గుర్తొచ్చింది. ఎవరో కెప్టెన్ గారట అంటూ ఆమె ఫోను చేత్తో మూసి పట్టుకుని గుమ్మంలో నిలబడింది. నేను చచ్చిపోయానని చెప్పు అన్నాడు తను. ఆమె ఇంట్లో లేరని చెప్పి పెట్టేసింది. అంత కోపమేమిటండీ ఆయన మీద అని అడిగింది. ఆ ప్రశ్నకైనా ఆ రోజు జవాబు చెప్పి ఉంటే?

"మళ్ళీ చెయ్యలేదు," అన్నాడు కెప్టెన్. "నువ్వు తియ్యనందుకు హాయిగా కూడా అనిపించింది. నిజం చెప్పాలి. దయ అనుకున్నాను గాని, సగం పిరికితనమే."

కంచర తల పిన్ని మెడకు ఆనించాడు. కెప్టెన్ మీద కోపం ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే లేవడానికి ఏదో ఒకటి ఉండేది. స్నానం చేస్తూ తిట్టుకునేవాడు, నడుస్తూ తిట్టుకునేవాడు. ఎదురుపడితే ఏమేం అడగాలో వాక్యాలు కూడబెట్టుకున్నాడు. ఇప్పుడు ఆ తిట్లన్నీ చిరునామా తప్పి తన ఇంటికే వచ్చాయి. వాటికన్నా ఎక్కువగా ఇంకొకటి కోసింది. తను తిడుతున్నన్నాళ్ళూ ఈయన ఎక్కడో కూర్చుని, తిట్టించుకోవడమే తన పని అన్నట్టు ఊరుకున్నాడు.

"కొయ్యకుండా ఉంటే?" అని అడిగాడు, పిన్ని మెడ మీంచి తలెత్తకుండానే. "మీరు అందుకునేవారా?"

"తెలియదు."

"చెప్పండి సార్."

"నిజంగా తెలియదు. నేను వచ్చేలోపు ముందు గాడిదా, నువ్వూ కూడా పోయి ఉండొచ్చు. పోకపోయి ఉండొచ్చు. నేనూ ఎన్నిసార్లు పరిగెత్తానో ఆ దారిలో, పడుకుని కళ్ళు మూసుకుని. కొన్నిసార్లు అందుతాను, కొన్నిసార్లు అందను. నీకు ఊరటగా ఉంటుందని ఇంకో అబద్ధం చెప్పను. ఒకటి చెప్పి చూశాం కదా."

కంచర ఏడ్చాడు. చప్పుడు చెయ్యలేదు, కళ్ళు తుడుచుకోలేదు. ఒక చెయ్యి పిన్ని మెడ కిందుగా పోయి అటువైపు జూలు పట్టుకుంది. పిన్ని విసుక్కోలేదు. బరువైన తల కిందికి వాల్చి, అతని భుజం మీద వేడిగా ఊపిరి విడిచింది. ఆ ఊపిరితో పాటు అతనికీ తెలియకుండానే గుండెల్లోంచి పెద్ద ఊపిరి ఒకటి బయటపడింది. వెంటనే గుర్రం ఒక అడుగు వేసింది.

ఒకసారి చుట్టూ తిరిగారు. కెప్టెన్ నడుము మొదట కర్రలా బిగుసుకుని ఉండి, సగం దూరం వచ్చేసరికి గుర్రం నడకతో పాటు ఊగడం మొదలుపెట్టింది. టీచరు చూసింది గాని మెచ్చుకోలేదు. కొన్నిటికి చప్పట్లు కొట్టకూడదని ఆమెకు తెలుసు.

మెట్లబల్ల దగ్గర సహాయకురాలు రాబోతే కంచర వద్దన్నాడు. పగ్గం టీచరుకు ఇచ్చి, తనే భుజం పెట్టాడు. కెప్టెన్ బరువంతా అతని మీద వాలింది. అనుకున్నంత బరువు లేడు. ఎముకలు చేతికి తగులుతున్నాయి. దించి, గుండీలు తప్పిన చొక్కా చూసి, ఎందుకో ఆగలేక రెండు గుండీలు విప్పి సరిగ్గా పెట్టాడు. కెప్టెన్ చిన్నపిల్లాడిలా గడ్డం పైకెత్తి నిలబడ్డాడు.

"నన్ను క్షమించండి సార్," అన్నాడు కంచర.

"నువ్వా నన్ను అడిగేది?" అన్నాడు కెప్టెన్. చేతికర్ర అందుకుని, దాని పిడిని అటూ ఇటూ తిప్పాడు. "ఇంకొకటి ఉంది. ముందే చెప్పాల్సింది. నేనిక్కడికి ఒక్కణ్ణే రాలేదు."

"అంటే?"

"మొన్న ఆవిడ తనంతట తానే మా ఇంటికి వచ్చింది. వంటాయన భార్య. తిట్టడానికే వచ్చిందనుకున్నాను. తిట్టలేదు. మా ఆయన పక్కన చివరిదాకా ఉన్నదెవరు, ఆయన ఏమైనా అన్నాడా అని అడిగింది. నాకు తెలియదన్నాను. తెలిసిన మనిషి ఒకడున్నాడని నోరుజారాను. నీ సంగతి ఇంకేం చెప్పలేదు. ఇక్కడికి వస్తున్నానంటే తానూ వస్తానంది. కారులోనే కూర్చోమన్నాను."

కంచర గేటు వైపు చూశాడు. తెల్ల కారు వెనక తలుపు తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు.

వలయం కంచె అవతల చెట్టునీడలో బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒకరు తన భార్య. పక్కనున్నామె నెరిసిన జుట్టు ముడివేసుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని ఉంది. భార్య సీసాలోంచి గ్లాసులోకి నీళ్ళు వంచి ఆమెకు అందిస్తోంది. కొత్తవాళ్ళతో అయిదు నిమిషాల్లో కలిసిపోవడం ఆమెకు పుట్టుకతో వచ్చిన గుణం. కంచరను చూడగానే భార్య మొహం విప్పారింది. అతను గుర్రాన్ని నడిపించడం ఆమె కంచె పక్కనుంచి చూసింది కదా.

"ఏవండీ, ఇటు రండి!" అని పిలిచింది. "ఈ అక్క వాళ్ళాయన కూడా ఆ కొండల్లోనే పనిచేశారట. మీకు తెలుసేమోనని అడుగుతున్నారు. పాపం, ఆయన..." అని ఆగి, పక్కనామె చెయ్యి నిమిరింది.

వంటాయన భార్య లేచి నిలబడింది. కంచె దగ్గరికి వచ్చింది. ముందు కెప్టెన్‌ను చూసింది, తర్వాత కంచరను, అతని ఎర్రబడ్డ కళ్ళను, పగ్గం రాపిడికి కందిన అరచేతిని చూసింది.

"మావారి పక్కన ఉన్నది మీరేనా తమ్ముడూ?" అంది. "దేనికీ నిలదీయడానికి రాలేదు. ఆ తాడు ఎలా తెగిందో ఒక్కసారి చూసినవాళ్ళ నోట వినాలనుంది. అంతే."

కెప్టెన్ చేతికర్ర ఊతంగా రెండడుగులు ముందుకు వేశాడు. కంచరను వెనక్కి నెట్టినట్టుగా అడ్డం నిలిచాడు. "చెప్పాను కదమ్మా. ఆ మాట అన్నది నేను. తాడు కొయ్యమని నేనే..."

కంచర భార్య చేతిలో నీళ్ళ గ్లాసు అలాగే ఆగిపోయింది. తాడు అన్న మాట దగ్గర ఆమె చూపు మొగుడి మీదికి తిరిగింది. ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన చూపే అది.

"సార్," అన్నాడు కంచర, కెప్టెన్ భుజం మీద చెయ్యి వేసి ఆయన్ని మెల్లగా పక్కకు జరుపుతూ. "మీరు ఆగండి. ఈసారి నేను చెబుతాను."